సిమ్ లేని పాత ఫోన్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

కొత్త ఫోన్ వచ్చాక పాతదాన్ని అమ్మేయలేదు. సిమ్ తీసేసి ఉంచుకున్నాను, అప్పటి నుంచి రోజూ వాడుతూనే ఉన్నాను. సిమ్ లేని ఫోన్ దేనికీ పనికిరాదనుకునేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. అందుకే దీంతో ఏ పని అవుతుందో, ఏది కాదో కాస్త వివరంగా రాస్తున్నాను.

సెటప్‌లో పెద్ద ఇబ్బందేమీ లేదు. సిమ్ పెట్టమని అడిగే స్క్రీన్ దాటేసి వైఫై కలిపితే చాలు. వేరేవాళ్లు వాడిన ఫోన్ తీసుకుంటుంటే మాత్రం ముందు వాళ్ల అకౌంట్ తీయించండి. లేకపోతే రీసెట్ చేశాక ఆ పాత పాస్‌వర్డ్ అడిగి అక్కడే ఆగిపోవచ్చు.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని, ఫ్లైట్ మోడ్ ఆన్ చేయడం. సిమ్ లేకపోయినా ఫోన్ ఊరుకోదు, ఎమర్జెన్సీ కాల్ కోసం చుట్టుపక్కల టవర్లను వెతుకుతూనే ఉంటుంది. బ్యాటరీ అలా ఊరికే ఖర్చైపోతుంది. ఫ్లైట్ మోడ్ పెట్టి, ఆ తర్వాత వైఫై, బ్లూటూత్ విడిగా ఆన్ చేసుకోవచ్చు. ఇలా పెట్టినప్పటి నుంచి రాత్రి ఎంత చార్జింగ్ ఉందో పొద్దునకీ దాదాపు అంతే ఉంటోంది.

నాకు బాగా నచ్చింది జీపీఎస్. ఉపగ్రహాలు పంపే సిగ్నల్‌ను ఫోన్ అందుకోవడమే తప్ప తిరిగి వాటికి ఏమీ పంపదు, కాబట్టి సిమ్‌తో పనే లేదు. కాకపోతే మొదట లొకేషన్ దొరకడం ఆలస్యమవుతుంది. నెట్ ఉంటే ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఫోన్ క్షణాల్లో తెలుసుకుంటుంది. నెట్ లేకపోతే ఆ సమాచారం ఉపగ్రహం నుంచే రావాలి, అది వచ్చే వేగం సెకనుకు 50 బిట్లే! ఆకాశం బాగా కనిపించే చోట కూడా కనీసం అర నిమిషం ఓపిక పట్టాలి. నేనైతే బయల్దేరే ముందే వైఫై మీద మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుని, లొకేషన్ ఒకసారి తెరిచి చూసుకుంటాను. అప్పుడు రోడ్డెక్కాక త్వరగా అందుకుంటుంది. ట్రాఫిక్ వివరాలు మాత్రం నెట్ లేకుండా రావు.

వాట్సాప్‌ను 2023 నుంచి రెండో ఫోన్‌లో కూడా లింక్ చేసుకునే వీలుంది. అసలు ఫోన్ ఆఫ్‌లో ఉన్నా మెసేజ్‌లు వస్తాయి. కానీ అసలు ఫోన్‌లో 14 రోజులకు పైగా వాట్సాప్ తెరవకపోతే ఇక్కడ లాగౌట్ అయిపోతుంది. ఎస్ఎంఎస్‌లో ఓటీపీ వచ్చే పనులు, సిమ్ చూస్తే తప్ప తెరుచుకోని బ్యాంకు యాప్‌లు దీంతో కావు. వాటికోసం తంటాలు పడకండి.

ఓటీపీ రాకపోయినా, లాగిన్ అయ్యేటప్పుడు కొట్టాల్సిన కోడ్‌ను చూపించే అథెంటికేటర్ యాప్ చక్కగా పనిచేస్తుంది. 30 సెకన్లకోసారి మారే ఆ కోడ్‌కి నెట్ కూడా అక్కర్లేదు, ఒక రహస్య కీ, సరైన టైమ్ ఉంటే చాలు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. మామూలు ఫోన్ టవర్ నుంచి కూడా టైమ్ సరిచూసుకుంటుంది, దీనికి ఆ ఆధారం లేదు. చాలాకాలం వైఫై తగలకపోతే గడియారం కొద్దికొద్దిగా పక్కకు జరిగి, యాప్‌లో కనిపించిన కోడ్‌నే కొట్టినా సైట్ తీసుకోదు. వైఫై కలిపి ఆటోమేటిక్ టైమ్ ఆన్‌లో పెడితే సరిపోతుంది.

బ్యాటరీ విషయంలో అశ్రద్ధ వద్దు. కెమెరాగానో గడియారంగానో పెట్టి పగలూ రాత్రీ చార్జర్‌కే తగిలించి ఉంచితే లిథియం బ్యాటరీ త్వరగా పాడవుతుంది, ఉబ్బే ప్రమాదమూ ఉంది. వెనక మూత కొంచెం పైకి లేచినట్టు కనిపించినా, స్క్రీన్ అంచు దగ్గర సందు వచ్చినా వెంటనే వాడకం ఆపేయండి. మూతను నొక్కి సరిచేయాలని చూడొద్దు. 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉంటే తప్పకుండా పెట్టుకోండి.

మరీ పాత ఫోన్ అయితే బ్రౌజర్‌తోనే కష్టం. ఆండ్రాయిడ్ 7.1 కంటే ముందువాటిలో కొన్ని సైట్లు అసలైనవో కావో ఫోన్ తేల్చుకోలేక సర్టిఫికెట్ ఎర్రర్ చూపిస్తుంది. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్‌ను నేను పుస్తకాలకి, పాటలకి తప్ప వాడను, ముఖ్యమైన అకౌంట్లేవీ అందులో పెట్టను.

ఇక ఎమర్జెన్సీ కాల్ సంగతి. అమెరికాలో సిమ్ లేని ఫోన్ నుంచీ 911కి కాల్ వెళ్తుంది, కానీ లైన్ కట్ అయితే వాళ్లు తిరిగి చేయడానికి నంబర్ ఉండదు. జర్మనీ, బ్రిటన్‌లలో సిమ్ లేకపోతే ఆ కాలే వెళ్లదు. పిల్లలనో పెద్దవాళ్లనో ఒంటరిగా బయటికి పంపేటప్పుడు మాత్రం సిమ్ పనిచేస్తున్న ఫోనే ఇచ్చి పంపండి.