తాటిపూడిలో మరుగుజ్జు వడ్రంగి పిట్ట: వెతికే చోటు, దిగే ఊరు

ఉత్తరాంధ్రలో మరుగుజ్జు వడ్రంగి పిట్ట కోసమే బయల్దేరేవాళ్లు ముందు విజయనగరం జిల్లా తాటిపూడికి వెళ్లడం మంచిది. గోస్తనీ నది మీద రిజర్వాయరు, దాని వెనకే తూర్పు కనుమలు. కొండ దిగువ తోటలూ పలచని ఆకురాల్చే అడవీ కలిసే అంచు దీనికి బాగా నచ్చుతుంది. చిక్కటి అడవి అక్కర్లేదు, అక్కడక్కడా ఎండుకొమ్మలున్న ముదురు చెట్లు చాలు.

విజయనగరంలో లాడ్జీలు, రైళ్లు ఎక్కువే. కానీ అక్కడ దిగితే తెల్లవారిన మొదటి గంట రోడ్డు మీదే గడిచిపోతుంది. పిట్టలు చురుగ్గా మేత వెతికేది అప్పుడే. గదులు సాదాగా ఉన్నా తాటిపూడికి దగ్గర్లోని ఎస్.కోటలో (శృంగవరపుకోట) దిగడమే మేలు. ఆటోను ముందురోజు సాయంత్రమే, వెయిటింగ్‌తో కలిపి మాట్లాడుకోవాలి. పొద్దున్నే దింపేసి పోతే తిరిగి రావడానికి బండి దొరకడం కష్టం.

చెట్టు మాను చూస్తూ నిలబడితే ఈ పిట్ట దొరకదు. పై కొమ్మల్లో, వేలి లావు రెమ్మల మీద వెతకాలి. ముందు గొంతు వినిపిస్తుంది: 'కిక్‌కిక్‌కిక్' అని గబగబా సాగే సన్నని కూత. ముక్కుతో కొట్టే చప్పుడు బలహీనం, గాలి ఉంటే వినబడదు. మినివెట్లు, ఐయోరాలు లాంటి చిన్న పిట్టలు గుంపుగా వస్తే చివరి పిట్ట దాటేదాకా కదలకూడదు, ఇది తరచూ వాటితోనే తిరుగుతుంది. 8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది) సరిపోతుంది. చెట్లు ఆకు రాల్చాక, ఫిబ్రవరి, మార్చిలో చూడటం సులువు.

పొడవు 13 సెంటీమీటర్లు, అంటే పిచ్చుక కన్నా చిన్నది. గోధుమరంగు నెత్తి, ముదురు వీపు మీద అడ్డంగా తెల్లచారలు, మాసిన తెల్లపొట్ట మీద సన్నగీతలు, పాలిపోయిన కన్ను. మగదానికి నెత్తి పక్కన చిన్న ఎర్రగీత ఉంటుంది కానీ కింద నుంచి కనబడదు. అది కనబడలేదని ఆడదని రాసేయకూడదు. ఎక్కువమంది పొరబడేది పసుపునెత్తి వడ్రంగి పిట్టతో. అది 18 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, పొట్ట కింద ఎర్రమచ్చ ఉంటుంది. తలకిందులుగా మాను దిగుతుంటే అది నట్‌హాచ్ అనే వేరే చిన్న పిట్ట, వడ్రంగి పిట్ట కాదు.

శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం కొంగలకూ గూడబాతులకూ గొప్ప చోటు, ఈ పిట్ట కోసం మాత్రం అక్కడికి వెళ్లనక్కర్లేదు. మహేంద్రగిరి కొండ దిగువన మందస వైపు జీడితోటలు చూడొచ్చు. అయితే 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మందస ఉన్న ఉద్దానం ప్రాంతంలో జీడి, కొబ్బరి తోటలను కూల్చేసింది. కొత్తగా నాటిన లేత తోటల్లో గూడు తొలచడానికి ఎండుకొమ్మలు దొరకవు, కాబట్టి ముదురు చెట్లు మిగిలిన తోట ఎక్కడుందో ఊళ్లో అడిగి, యజమాని ఒప్పుకున్నాకే లోపలికి వెళ్లాలి. మందస రోడ్డు స్టేషన్లో ఆగే రైళ్లు తక్కువ. పలాసలో దిగి, అక్కడే గది తీసుకుని పొద్దున్నే బయల్దేరడం మేలు.