బడికా, వీధికా? షికాగోలో మన చందా ఎటు

డిసెంబర్ వచ్చిందంటే షికాగో శివార్లలోని తెలుగువాళ్లు నన్ను అడిగేది ఒకటే: "గ్యాంగుల వైపు పోయే పిల్లల కోసం ఏదో ఒకటి ఇద్దామనుకుంటున్నాం, ఎవరికిస్తే మేలు?" ఈసారి మా నాలుగు కుటుంబాలు చందా వేసుకున్నాక మాకూ అదే తర్జనభర్జన.

బడిలో నడిచేవాటిలో ముందు చెప్పాల్సింది యూత్ గైడెన్స్ సంస్థ వారి 'బికమింగ్ ఎ మ్యాన్'. మగపిల్లల్ని వారానికోసారి కౌన్సెలర్ దగ్గర కూర్చోబెడతారు. ఒకడి చేతికి బంతి ఇచ్చి, 30 సెకన్లలో లాక్కోమని రెండోవాడికి చెబుతారు. ఇద్దరూ కిందామీదా పడి పెనుగులాడతారు. అంతా అయ్యాక కౌన్సెలర్ అడుగుతాడు, "ఇవ్వమని ఒక్క మాట అడగొచ్చుగా?" అని. షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు లాటరీ వేసి పిల్లల్ని రెండు గుంపులు చేసి పోల్చితే, కార్యక్రమం నడిచినన్నాళ్లూ హింస కేసుల అరెస్టులు 45 నుంచి 50 శాతం తక్కువగా ఉన్నాయి. ఈ రంగంలో ఇంత గట్టి లెక్క అరుదు.

వేసవి ఉద్యోగాలూ తక్కువేం కాదు. 2012లో ఎనిమిది వారాలు, వారానికి 25 గంటల పని ఇస్తే, 16 నెలల్లో హింస అరెస్టులు 43 శాతం తగ్గాయి. అదీ ఎక్కువగా ఉద్యోగం అయిపోయాకే. పోలీసులు క్లాసుకొచ్చి పాఠం చెప్పే 'గ్రేట్' కూడా ఉంది కానీ, పోలీసుశాఖలే నడుపుకునే దానికి మన చందాతో పనేముంది?

ఇక వీధి. అంటువ్యాధుల డాక్టర్ గ్యారీ స్లట్కిన్ 2000లో వెస్ట్ గార్‌ఫీల్డ్ పార్క్‌లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఒకప్పుడు గ్యాంగుల్లో తిరిగి, జైలుకెళ్లొచ్చిన వాళ్లనే జీతానికి పెట్టుకుంటారు. రాత్రి కాల్పులు జరిగితే, పగ తీర్చుకోవడానికి బయల్దేరేవాడి గుమ్మంలో నిలబడేది వాళ్లే. లెక్కలు మాత్రం ఊరికో రకం: ఒకచోట కాల్పులు తగ్గాయి, ఇంకోచోట తేడానే లేదు.

అయినా మేం వీధికే ఇచ్చాం. డబ్బు ఆగిపోతే ఏమవుతుందన్నదే నాకు అసలు ప్రశ్న. బడి కార్యక్రమం ఒక ఏడు ఆగినా, మరుసటి ఏడు కొత్త కౌన్సెలర్‌తో మొదలవుతుంది. వీధిలో ఆ కుర్రాడు నమ్మేది మనిషిని, బోర్డు మీది పేరును కాదు. ఆ మనిషి జీతం లేక గోదాము పనికి పోతే, పదేళ్ల పరిచయాలు ఆయనతోనే పోతాయి. 2015లో ఇల్లినాయ్ రాష్ట్రం ఈ పనికి నిధులు ఆపేసింది. 2025 ఏప్రిల్‌లో కేంద్ర న్యాయశాఖ హింస నివారణవి సహా వందల గ్రాంట్లు రద్దు చేసింది. పిల్లల ఫొటో చూపిస్తే ఎవరైనా ఇస్తారు. మాజీ ఖైదీ జీతానికి అడిగితే మనవాళ్లే మొహం చిట్లిస్తారు. మా ఇంట్లోనూ చిన్న యుద్ధమే జరిగింది లెండి.

ఇచ్చేవాళ్లు ఒకేసారి కాకుండా నెలనెలా ఇవ్వండి, ఫలానా ఖర్చుకే అని మెలిక పెట్టొద్దు. మీ ఆఫీసులో మ్యాచింగ్, అంటే మీరిచ్చినదానికి కంపెనీ కూడా కొంత జతచేసే పద్ధతి, ఉంటే తప్పక వాడుకోండి. ఇచ్చేముందు ఒక్కటి అడగండి: మీ వీధి కార్యకర్తల్లో మూడేళ్లు దాటినవాళ్లు ఎంతమంది?

లాస్ ఏంజెలెస్‌ వాళ్లకు ఇంత తలనొప్పి లేదు. గ్యాంగులు వదిలొచ్చినవాళ్లకు పని ఇచ్చేందుకు ఫాదర్ గ్రెగ్ బాయిల్ 1988లో మొదలుపెట్టిన హోమ్‌బాయ్ ఇండస్ట్రీస్‌కు సొంత బేకరీయే ఉంది. వెళ్లి బ్రెడ్డు కొనుక్కోవచ్చు.