చెమట మాది, పేరు డబ్బాది

మార్కులు ముందే వేసేస్తాను. వ్యాయామ తరగతికి అయిదులో మూడు. శిక్షకురాలి హుషారుకు అయిదుకు అయిదు. తరగతి ముగిశాక ఆమె అమ్మే బరువు తగ్గించే పొడికి ఒకటి, అదీ చాక్లెట్ రుచి భరించదగ్గట్టు ఉన్నందుకు. మూడింటికీ కలిపి ఒక్క మార్కు వేయమంటే నావల్ల కాదు. ఎక్కడ తరగతి ముగిసిందో, ఎక్కడ అమ్మకం మొదలైందో చేరినవాళ్లకు తెలియకుండా చూడడం మీదే ఆ వ్యాపారం నడుస్తుంది. ఏడాదికి పైగా అక్కడ ఎగిరి, ఆ పొడిని చాలా నెలలు తాగి, బయటికి వచ్చాక రాస్తున్న సమీక్ష ఇది.

ముందు మంచి చెప్పాలి, ఎందుకంటే ఉంది. తెల్లవారుజామున హోరెత్తే సంగీతంతో ముప్పావు గంట ఏరోబిక్స్. కుర్చీ వదలని మనుషులు అక్కడ రోజూ ఒళ్లు వంచారు. రాని రోజున ఫోన్ చేసి "ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగే మనిషి ఉండడం చిన్న విషయం కాదు. ఒంటరిగా మొదలుపెట్టి మధ్యలో మానేసినవాళ్లకు దాని విలువ తెలుసు. చందా కూడా నామమాత్రమే. ఇంత తక్కువకు ఎలా గిట్టుబాటవుతుందన్న సందేహం, వ్యాయామం అయ్యాక అందరూ వలయంగా కూర్చున్నప్పుడు తీరిపోతుంది. అక్కడ షేక్ పంచుతారు, పాతవాళ్ల చేత "అనుభవాలు" చెప్పిస్తారు, కొత్తవాళ్ల చేతిలో డబ్బాల పట్టిక పెడతారు. శిక్షకురాలిని అందరూ "కోచ్ గారు" అంటారు. ఆమె కూడా ఒకప్పుడు ఆ వలయంలో కూర్చున్న మనిషే. పొడి తాగి బరువు తగ్గారు, పొడి అమ్మడం నేర్చుకున్నారు, అందుకని వ్యాయామం నేర్పుతున్నారు. ఈ మూడో మెట్టు ఎలా వచ్చిందని ఎవరూ అడగరు.

చేరిన రోజు ఒక యంత్రం మీద నిలబెడతారు. బరువు, కొవ్వు శాతం, కండ శాతం, "శరీర వయసు" అన్నీ అంకెల్లో వస్తాయి. కోచ్ గారు వాటిని జాతకం చదివినట్టు చదివి, అసలు వయసు కన్నా శరీర వయసు ఎంత ఎక్కువో చెప్పి కాసేపు మౌనంగా ఉంటారు. నిజానికి ఆ యంత్రం చేసేది ఒంట్లోకి అతి స్వల్పమైన విద్యుత్తును పంపి, దానికి ఎదురయ్యే నిరోధాన్ని బట్టి నీటి పరిమాణాన్ని అంచనా కట్టడం, ఆ అంచనా నుంచి కొవ్వును మరోసారి అంచనా వేయడం. నీళ్లు తాగి ఎక్కితే ఒకటి, చెమట పట్టాక ఎక్కితే మరొకటి చూపిస్తుంది. "శరీర వయసు" వైద్యులు వాడే కొలత కానే కాదు. ఇంత హంగామా చేసి కొలిచిన ఆ రోజున అడగాల్సినవి మాత్రం అడగలేదు. గుండె జబ్బు ఉందా, రక్తపోటు ఉందా, ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్లు తిరిగి పడిపోయారా, ఏ మందులు వాడుతున్నారు? వ్యాయామానికి ముందు అడగడానికి పార్‌క్యూ ప్లస్ అనే ప్రశ్నపత్రం ఉంది. దాని మొదటి పేజీలో ఉన్నవి ఏడంటే ఏడు ప్రశ్నలు. చదువుకున్న శిక్షకులకు ఇది మొదటి పాఠం. మా దగ్గర నింపించుకున్న ఏకైక కాగితం పొడి ఆర్డరు ఫారం.

మొదటి వారాల్లో బరువు చకచకా తగ్గింది. నాకే కాదు, దాదాపు అందరికీ తగ్గుతుంది. వలయంలో చప్పట్లు కొడతారు, ఫొటో తీస్తారు, డబ్బా చేత్తో పట్టుకొని నవ్వమంటారు. జరిగింది ఇది: తిండి హఠాత్తుగా తగ్గితే కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ముందు ఖర్చవుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖర్చయితే ఆ నీళ్లూ పోతాయి. తూకం మీద కిలో, రెండు కిలోలు దిగిపోవడానికి ఇది చాలు. మామూలుగా తినడం మొదలుపెట్టగానే అదే నీరు తిరిగి వస్తుంది. అప్పుడు కోచ్ గారి వివరణ: "పొడి మానేశారు కదా, అందుకే."

పొడి పనిచేయలేదని నేను అనను. ఒక పూట భోజనం స్థానంలో రెండు వందల కేలరీల షేక్ తాగితే నాలుగైదు వందల కేలరీలు తగ్గుతాయి. దానికి తోడు ముప్పావు గంట గెంతితే మరికొన్ని వందలు ఖర్చవుతాయి. కిలో కొవ్వు సుమారు 7,700 కేలరీలకు సమానమని లెక్క వేసుకుంటే, నెల తిరిగేసరికి తేడా కనిపించి తీరుతుంది. భోజనానికి బదులు వాడే ఇలాంటి షేకుల వల్ల బరువు తగ్గుతారని పరిశోధనల్లోనూ తేలింది. కాకపోతే తగ్గించింది ఆ డబ్బాలోని రహస్యం కాదు, మానేసిన భోజనం. అదే కొరతను ఇంటి తిండితోనూ తేవచ్చు. మేం గెంతాం, మేం నోరు కట్టుకున్నాం, చప్పట్లు మాత్రం డబ్బాకు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. లేబుల్ మీద మరో చమత్కారం కూడా చూశాను. ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఉన్న ప్రొటీన్ అంకెలో సగానికి దగ్గరగా, మనం సొంతంగా కొని కలుపుకునే పాలలోదే.

ఇక వ్యాయామం. తరగతికి మూడు మార్కులే వేయడానికి కారణం ఇక్కడ ఉంది. ఈ విషయం మీద ఎవరూ పెద్దగా మాట్లాడరు, అందుకే కాస్త ఎక్కువగా రాస్తున్నాను.

చేరిన నెలలో చేసిన వ్యాయామాలే, మానేసిన నెలలోనూ చేశాం. అవే అడుగులు, అవే జంపింగ్ జాక్స్, అంతే సేపు. శరీరం దేనికైనా అలవాటుపడుతుంది. అలవాటైన పనికి తక్కువ శ్రమ చాలు. అందుకే భారాన్ని, వేగాన్ని, వ్యాయామ రకాన్ని క్రమంగా పెంచుతూ పోవడం శిక్షణలో ప్రాథమిక సూత్రం. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ వ్యాయామం చేయాలనీ, దానికి తోడు కనీసం రెండు రోజులు పెద్ద కండరాలన్నిటికీ బలం చేకూర్చే వ్యాయామాలు చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మా దగ్గర మొదటి సగమే ఉండేది. డంబెల్ అన్న వస్తువు ఆ హాల్లో నేను చూడలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. తక్కువ తింటూ బరువులెత్తేవాడికి కండ నిలబడుతుంది, తూకం నెమ్మదిగా కదులుతుంది. నెమ్మదిగా కదిలే తూకం ముందు చప్పట్లు మోగవు. గెంతి చెమటోడ్చితే మాత్రం ఆ పూటకే తూకంలో తేడా కనిపిస్తుంది. అది నీరు అన్న సంగతి ఎవరికి కావాలి?

ఎదుగుదల లేని వ్యాయామంతో బరువు కొన్ని నెలల్లో ఒకచోట ఆగిపోతుంది. అలా ఆగడం కోచ్‌కు నష్టం కాదు, అమ్మకానికి సందు. "మీ మెటబాలిజం నిద్రపోయింది, ఒక బూస్టర్ కలుపుదాం" అంటారు. నా విషయంలో బూస్టర్ అంటే టీ పొడి. ఇంకొకరికి పీచు బిళ్లలు. మరొకరికి రెండో పూట కూడా షేక్. మంచి శిక్షకుడు ఇక్కడ వ్యాయామం మారుస్తాడు. మా దగ్గర ఆర్డరు మారింది. ఆదాయం డబ్బా నుంచి వస్తున్నప్పుడు శిక్షకుడికి తన పని మెరుగుపరుచుకోవలసిన అవసరమే ఉండదు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే.

మోకాళ్ల విషయమూ అంతే. స్క్వాట్ చేసేటప్పుడు నా వెనుక వరుసలో ఒకావిడకు మోకాళ్లు లోపలికి వాలిపోయేవి. చెబితే, "మొదట్లో అందరికీ నొప్పే, కీళ్లకు మన దగ్గర మంచి ప్రొడక్ట్ ఉంది" అన్నారు. కూర్చునే లోతు తగ్గించడం, కుర్చీ ఆసరా ఇవ్వడం, గెంతులు ఆపించి నడిపించడం వంటివి ఖర్చులేని పరిష్కారాలు. అవి తెలియాలంటే చదువుకోవాలి.

ఒక ఉదయం మాత్రం ఇంకా కళ్ల ముందే ఉంది. మా బ్యాచ్‌లో మధుమేహానికి గ్లిమెపిరైడ్ వాడే పెద్దాయన ఒకరుండేవారు. కోచ్ గారి సలహాతో రాత్రి భోజనం మానేసి షేక్ తాగడం మొదలుపెట్టారు. మాత్ర మోతాదు మాత్రం మారలేదు, మార్చాలని ఎవరూ చెప్పలేదు. ఆ రకం మాత్రలు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటాయి. ఖాళీ కడుపుతో గెంతుతుంటే ఆయన చేతులు వణికాయి, చల్లటి చెమట పట్టింది, మాట తడబడింది. కోచ్ గారు మైకులో, "కొవ్వు కరుగుతోంది అంకుల్, ఆగకండి!" అన్నారు. ముందు వరుసలో ఉన్న నర్సు ఒకామె సంగీతం ఆపించి, ఆయన్ను కూర్చోబెట్టి, చక్కెర కలిపిన నీళ్లు తాగించారు. రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా పడిపోతే చేయాల్సిన మొదటి పని అదే: పదిహేను గ్రాముల చక్కెర ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. మర్నాడు వలయంలో ఆ సంఘటనను "డిటాక్స్ లక్షణం" అని వివరించారు. ఒంట్లోని విషాలు పోయేటప్పుడు అలాగే ఉంటుందట. తలనొప్పి వచ్చినా, దద్దుర్లు వచ్చినా, విరేచనాలైనా అక్కడ ఇదే జవాబు. ఇలా చెబితే ఏ దుష్ఫలితమైనా మంచి ఫలితమే అయిపోతుంది.

థైరాయిడ్ మాత్ర వేసుకునే మరో సభ్యురాలికి హార్మోన్ స్థాయిలు తప్పాయి. ఆమె డాక్టరు చేసిందల్లా డబ్బా తెప్పించుకొని లేబుల్ చదవడం. ఆ థైరాయిడ్ మాత్రకూ (లెవోథైరాక్సిన్), కాల్షియం, ఇనుము ఉన్నవాటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆమె మాత్ర మింగిన కాసేపటికే ఆ రెండూ దండిగా ఉన్న షేక్ తాగేది. మందుకూ పొడికీ మధ్య సంబంధం ఉంటుందన్న ఊహే మా కోచ్‌కు లేదు. "ఇది మందు కాదండీ, ప్రకృతి సహజం" అనేవారు.

ఆ సహజం అన్న మాట గురించి ఒకటి చెప్పాలి. అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం ఆహార సప్లిమెంట్లను అమ్మే ముందు, మందుల మాదిరిగా అవి భద్రమైనవనీ పనిచేస్తాయనీ నిరూపించి అనుమతి తీసుకోనక్కరలేదు. గుండెకు ముప్పని 2010లో అక్కడి మార్కెట్ నుంచి తొలగించిన సిబుట్రమైన్ అనే మందు, "మూలికల" పేరుతో అమ్మే బరువు తగ్గించే ఉత్పత్తుల్లో రహస్యంగా కలిసి ఉన్నట్టు అక్కడి నియంత్రణ సంస్థ ఆ తర్వాత ఎన్నోసార్లు హెచ్చరించింది. గ్రీన్ టీ సంగతి కూడా అంతే. కప్పులో కాచుకుంటే ఇబ్బంది లేదు గానీ, సప్లిమెంట్ల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ (గ్రీన్ టీలో ఉండే ఒక పదార్థం) లోపలికి వెళితే కాలేయానికి హాని సూచనలు కనిపించవచ్చని ఐరోపా ఆహార భద్రత సంస్థ 2018లో తేల్చింది. మా డబ్బాలో ఇలాంటివి ఉన్నాయని నేను అనడం లేదు. అమ్మే మనిషికి ఉన్నాయో లేవో చెప్పే చదువు లేదంటున్నాను. పేరున్న ధ్రువీకరణ సంస్థలు తమ శిక్షకులకు ఇక్కడే గీత గీస్తాయి. ఆరోగ్యకరమైన తిండి గురించి సాధారణ సమాచారం చెప్పవచ్చు, జబ్బు ఉన్నవారికి ఆహార ప్రణాళికలు రాయకూడదు, సప్లిమెంట్లు సూచించకూడదు. రోజుకు 800 కేలరీల లోపు ఆహారమైతే డాక్టరు పర్యవేక్షణ లేనిదే మొదలుపెట్టకూడదు. మా వలయంలో రెండు షేకులు, ఒక చిరుతిండితో రోజు గడిపినవాళ్లు ఉన్నారు.

గోడ మీద కోచ్ గారి సర్టిఫికెట్ ఉండేది, చక్కటి చట్రంలో. దగ్గరికి వెళ్లి చదివితే అది అమ్మకాల లక్ష్యం చేరినందుకు పొడి సంస్థ ఇచ్చిన ప్రశంసాపత్రం. ఆమెను దుర్మార్గురాలిగా చూపించడం నాకిష్టం లేదు. ప్రతినెలా ఇంత సరుకు తీసుకోకపోతే సంస్థ దగ్గర ఆమెకు దక్కే రాయితీ శ్రేణి పడిపోతుంది. పైవాళ్ల ఒత్తిడి ఉంటుంది, అమ్ముడుపోని డబ్బాలు ఇంట్లో పేరుకుంటాయి. తాను చెప్పేదాన్ని ఆమె మనస్ఫూర్తిగా నమ్ముతారు. నమ్మకంగా అబద్ధం చెప్పేవాళ్ల కన్నా నమ్మి చెప్పేవాళ్లతోనే ఎక్కువ చిక్కు, ఎదురు ప్రశ్న వేయడానికి మొహమాటం అడ్డొస్తుంది. కొన్నాళ్లకు నన్ను కూడా "మీరూ కోచ్ అవ్వండి" అన్నారు. వామప్ ఎందుకు చేస్తారో కూడా నాకు సరిగ్గా తెలియని రోజులవి. అర్హత అడిగితే, "మీ ఫలితాలే మీ అర్హత" అన్నారు.

పొడి మానేశాక తగ్గిన బరువులో కొంత వెనక్కి వచ్చింది, కొంత రాలేదు. ఇప్పుడు వెళుతున్న చోట శిక్షకుడు మొదటి రోజే మందుల జాబితా అడిగాడు, రక్తపోటు చూశాడు, తిండి గురించి అడిగితే డైటీషియన్ దగ్గరికి పంపాడు. హుషారు మాత్రం పాత కోచ్‌లో సగం కూడా లేదు. ఆ సంగీతం కోసం కొన్ని ఉదయాలు మనసు లాగుతుందని ఒప్పుకోవాలి.

అలాంటి తరగతిలో చేరాలని ఉన్నవాళ్లు చేరండి, తెల్లవారి గెంతడం మంచిదే. చేరే ముందు ఒక్కటి అడిగి చూడండి: "ఏ డబ్బా కొనను, వ్యాయామానికి మాత్రమే వస్తాను, దానికి తగ్గ చందా ఎంతైనా కడతాను." సరే అంటే వెళ్లండి. నేను అడిగినప్పుడు, "అలాంటి ప్యాకేజీ మా దగ్గర లేదండీ" అన్నారు.