తూటా లేకుండా రెండేళ్లు: లేజర్ డ్రై ఫైర్ కిట్‌తో నా అనుభవం

మేం డాలస్ దగ్గర ఉంటాం. గ్లాక్ 19 పిస్టల్ కొన్న మొదటి ఏడాది ప్రతి శనివారం షూటింగ్ రేంజ్‌కి వెళ్లేవాణ్ణి. వంద తూటాలు కాల్చినా అన్నీ ఎడమ పక్కకి, కిందికే పడేవి. ఆ శబ్దంలో, ఆ కుదుపులో నా చెయ్యి ఏం చేస్తోందో నాకే తెలిసేది కాదు.

డ్రై ఫైర్ అంటే తూటా లేని తుపాకీతో ట్రిగ్గర్ నొక్కే సాధన. దానికోసం లేజర్ కొన్న రోజే నా చేతి సంగతి తెలిసింది. 9 ఎంఎం తూటా ఆకారంలో ఉన్న చిన్న గొట్టం అది. ఛాంబర్‌లో, అంటే తుపాకీలో తూటా కూర్చునే చోట పెట్టి ట్రిగ్గర్ నొక్కితే, ఫైరింగ్ పిన్ (తూటాని పేల్చే సూది) ఆ గొట్టం వెనకున్న రబ్బరు మీద కొడుతుంది, ఎర్రటి వెలుగు ఒక్కసారి మెరుస్తుంది. అది టార్గెట్ మీద ఎక్కడ పడిందో ట్రైపాడ్ మీదున్న ఫోన్ కెమెరా పట్టుకుని స్కోరు చెబుతుంది. స్కోరు కన్నా ఆ వెలుగు ఆకారమే నాకు ఎక్కువ నేర్పింది. ట్రిగ్గర్ మెత్తగా నొక్కితే గుండ్రటి చుక్క, గుంజితే గీత. నా గీతలన్నీ ఎడమకి, కిందికి జారినవే! చూపుడు వేలితో పాటు మిగతా వేళ్లూ బిగించేస్తున్నానని అప్పుడు అర్థమైంది.

రోజూ రాత్రి పది నిమిషాలు, ముప్పై సార్లకు మించకుండా చేశాను. మూడు నెలలకి గీతలు చుక్కలయ్యాయి. రేంజ్‌లో ఏడు గజాల దూరంలో తూటాలన్నీ అరచేతి మేర చోట పడ్డాయి. ఆ టార్గెట్ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను.

ఇబ్బందులూ ఉన్నాయి. గ్లాక్‌లో ప్రతిసారీ స్లైడ్ (పిస్టల్ పైన జరిగే భాగం) కొంచెం వెనక్కి లాగితేనే ట్రిగ్గర్ మళ్లీ పనిచేస్తుంది, కాబట్టి వెంటవెంటనే కాల్చే సాధన కుదరదు. కిటికీ ఎండ పడితే కెమెరా తికమకపడుతుంది. ఏడాదిన్నరకి రబ్బరు అరిగి, కొన్నిసార్లు లేజర్ వెలగడం మానేసింది, మార్చాను. అన్నిటికన్నా ముఖ్యం, ఇందులో రీకాయిల్, అంటే తూటా పేలినప్పుడు తుపాకీ వెనక్కి తన్నడం లేదు. ఒకసారి నాలుగు నెలలు దీన్నే నమ్ముకుని రేంజ్‌కి వెళ్తే మొదటి తూటాకే ఉలిక్కిపడ్డాను. ఇప్పుడు నెలకోసారి తప్పకుండా వెళ్తున్నాను.

కొనాలనుకునేవాళ్లకి ఒక్క మాట. నాకు ఎనిమిదేళ్ల పాప ఉంది. తూటాలు వేరే గదిలో, తాళంలో ఉంటాయి. మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీసి, ఛాంబర్‌ని కళ్లతో చూసి, వేలు పెట్టి తడిమాకే లేజర్ పెడతాను. ఇక్కడి ఇళ్లలో లోపలి గోడలు తూటాని ఆపవు, అందుకే ఇటుక గోడ ఉన్న వైపే టార్గెట్ పెట్టాను. అసలు ప్రమాదం సాధన ముగిశాకే: తూటాలు తిరిగి నింపాక "ఇంకొక్కసారి" అనిపిస్తుంది. అందుకే లేజర్ తీయగానే "అయిపోయింది" అని పైకే అంటాను. ఆ మాట అన్నాక ఆ రాత్రి ఇక ట్రిగ్గర్ ముట్టుకోను.