కొత్త గ్రీన్ బిల్డింగా, పాత బ్లాకా? కాలేజీలో కరెంటు ల్యాబ్‌కి ఏది మేలు

మన హన్మకొండ, కాజీపేట దిక్కు ఇంజనీరింగ్ కాలేజీలకు తక్కువేం లేదు, కరెంటు పొదుపు మీద ప్రాజెక్టులు కూడా ప్రతి బ్యాచ్ చేస్తనే ఉంటది, కాకపోతే అన్నీ టేబుల్ మీది మోడళ్లే. అట్ల కాకుండ క్లాసులు నడిచే బిల్డింగుకే మీటర్లు, సెన్సర్లు పెట్టి, ఒక్కటి మార్చి, మళ్ల కొలిచి చూసుడే లివింగ్ ల్యాబ్ అంటే. మరి దానికి కరెంటు తక్కువ కాలేటట్టు కొత్త గ్రీన్ బిల్డింగ్ కట్టాల్నా, ఉన్న పాత బ్లాకు సరిపోతదా?

కొత్తదాంట్ల సుఖం ఉన్నది, కాదనను. ఎండ ఏ దిక్కు కొడ్తదో చూసుకుని కట్టొచ్చు, స్లాబ్ మీద ఇన్సులేషన్ వేయొచ్చు, అన్నింటికన్నా ముఖ్యం లైట్లకు, ఫ్యాన్లకు, ఏసీలకు వైరింగ్ వేర్వేరుగా లాగొచ్చు కాబట్టి దేనికెంత కాలుతున్నదో కొలుచుడు అల్కగైతది. హైదరాబాద్‌ల సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు 2003లనే లీడ్ ప్లాటినం (గ్రీన్ బిల్డింగులకిచ్చే అన్నింటికన్నా పై రేటింగ్) వచ్చింది, ఇంట్రెస్ట్ ఉన్నోళ్లు ఒకసారి పోయి చూడాల్సిందే. కానీ అక్కడ నేర్చుకున్నది తెచ్చి ఎప్పుడో కట్టిన మన ఆర్‌సీసీ బ్లాకుకు ఎట్ల అతికిస్తం? మన దగ్గర ఉన్నయన్నీ గవే కదా.

అందుకే నా ఓటు పాతదానికే. చాలా క్యాంపస్‌లకు మొత్తం కలిపి ఒక్కటే హెచ్‌టీ (హై టెన్షన్ లైన్) మీటరు ఉంటది, బిల్లుల యూనిట్లతో పాటు మ్యాగ్జిమమ్ డిమాండ్ ఛార్జీ (ఆ నెలల ఎక్కువల ఎక్కువ ఎంత లోడ్ గుంజినమో దాన్ని బట్టి) కూడా పడ్తది, ఏ బ్లాకు ఎంత తింటున్నదంటే మాత్రం ఎవ్వరికీ తెల్వది. ఫ్లోర్‌కొక సబ్ మీటర్ పెట్టి కొన్ని వారాలు ఏమీ మార్చకుండ ఉత్తగ రాసుకుంటూ పోవాలె. రాత్రి 2 గంటలకు కూడా లోడ్ కిందికి దిగుతలేదంటే వాటర్ కూలరో, బంద్ చేయని కంప్యూటర్లో, వరండా లైట్లో నడుస్తున్నట్టు, వాటిని బంద్ చేసుడికి రూపాయి ఖర్చు లేదు.

తర్వాత అసలు మజా. టాప్ ఫ్లోర్‌ల ఒకే సైజు, ఒకే దిక్కున్న రెండు రూములు చూసుకోవాలె, ఒకదాని స్లాబ్ మీద తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేసి ఇంకోదాన్ని అట్లనే వదిలేయాలె. మే నెల ఎండల స్లాబ్ పొద్దంత వేడి గుంజుకుని రాత్రి దాంక వదుల్తనే ఉంటది, పై అంతస్తు హాస్టల్ పిల్లల్ని అడిగితే చెప్తరు. మన రాష్ట్రానికి 2023లనే కూల్ రూఫ్ పాలసీ వచ్చింది, మరి మన స్లాబ్ మీద ఎన్ని డిగ్రీలు తగ్గిందో మనమే కొలిచి చెప్పొద్దా?

ఫ్యాన్ల లెక్కయితే ఇంకా ఈజీ. పాత ఫ్యాన్ 75 వాట్లు, కరెంటు తక్కువ తినే కొత్త రకం బీఎల్‌డీసీ మోటరుది 30 దాంక. రోజుకు 8 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్‌కు 0.36 యూనిట్ మిగుల్తది, క్లాస్‌ల 10 ఫ్యాన్లుంటే రోజుకు 3.6 యూనిట్లు. గోడకు పాత డబ్బా రెగ్యులేటర్ ఉంటే స్పీడ్ తగ్గించినా పెద్దగ లాభం లేదు, మిగిలిన కరెంటు ఆ డబ్బాలనే వేడైపోతది, ఇది చానామందికి తెల్వది. ఏసీ రూముల్ల ఒక్క డిగ్రీ పెంచితే 6 శాతం దాంక ఆదా అని కరెంటు పొదుపు చూసుకునే కేంద్ర సంస్థ బీఈఈ చెప్తది, నిజమా కాదా అనేది స్టాఫ్ రూముల్నే తేల్చుకోవచ్చు, సార్లు ఒప్పుకుంటే!

పాత బ్లాకుతోని తలనొప్పి కూడా ఉన్నది. డ్రాయింగులు దొరకవు, ఏ వైరు ఏడికి పోతదో ఎలక్ట్రీషియన్ అన్నకే ఎరుక, ఆయన రిటైరైతే అంతే సంగతులు. పిల్లలతోని సర్క్యూట్ మ్యాప్ గీయించుడే మొదటి ప్రాజెక్టు కావాలె, డీబీ (వైర్లన్నీ కలిసే కరెంటు డబ్బా) మూత తీసుడు మాత్రం ఎలక్ట్రీషియన్ పనే.

ఇవన్నెందుకు, ముందే సోలార్ పెట్టేద్దం అనేటోళ్లుంటరు. 1 కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తయి, మంచిదే, కాకపోతే వాడకం తగ్గినంక పెడితే చిన్న సిస్టమ్‌తోనే పని నడుస్తది.

కొత్త బ్లాకు ఎట్లాగూ శాంక్షన్ అయి ఉంటే డ్రాయింగ్ టైంలనే సర్క్యూట్లు విడగొట్టి మీటర్లకు జాగ పెట్టమని కాంట్రాక్టర్‌కు చెప్పుర్రి. పాత బ్లాకుల చేసేటోళ్లు జనవరిలనే మీటర్లు పెట్టుర్రి, మే దాంక ఆగితే పోల్చుకోనీకి ముందటి రీడింగులు ఉండయి, పైగా క్లాసులు ఖాళీ.