సరస్సులో కార్ప్‌కి 8 వెయిట్ ఫ్లై కాంబో: రాడ్ పర్వాలేదు, లైన్ మార్చాల్సిందే

9 అడుగుల నాలుగు ముక్కల రాడ్, లార్జ్ ఆర్బర్ (లావు ఇరుసు) రీల్, ముందే చుట్టిన బ్యాకింగ్ (లైన్ వెనక ఉండే అదనపు దారం), ఫ్లోటింగ్ (నీటిపై తేలే) లైన్, ఏడున్నర అడుగుల లీడర్ (లైన్ చివర కట్టే సన్నని దారం). కొత్తవాళ్ల కోసం అమ్మే 8 వెయిట్ (లైన్ బరువు తరగతి) కాంబో డబ్బాలో ఉండేవి ఇవే. బాస్, పైక్ లాంటి చేపలకు పెద్ద ఫ్లైలు (ఈకలు, దారాలతో కట్టిన కృత్రిమ ఎరలు) విసరడానికి కూర్చిన సెట్ ఇది. కార్ప్ (మన బంగారుతీగ) దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది.

రాడ్‌కి వంక పెట్టేదేమీ లేదు. ఎదురుగాలిలోనూ ఫ్లై నేరుగా వెళ్తుంది. కింది భాగం గట్టిగా ఉంది కాబట్టి కలుపులోకి దూరబోయే చేపను పక్కకు తిప్పొచ్చు. పొట్టకి ఆనించుకోవడానికి ఫైటింగ్ బట్ కూడా ఉంది. ముక్కల జాయింట్లు మాత్రం మధ్యమధ్యలో చూసుకోవాలి. చేప గుంజుళ్లకు అవి మెల్లగా తిరిగి వదులవుతాయి, అలా వదిలేస్తే విరిగేది అక్కడే. కొద్దిగా కొవ్వొత్తి మైనం రాస్తే పట్టు నిలుస్తుంది.

రీల్ డ్రాగ్ (లైన్ పరుగును అదుపు చేసే బ్రేకు) ఎంత గట్టిగా బిగుస్తుందో చూసి మురిసిపోవద్దు, సాఫీగా వదులుతుందా లేదా అన్నది చూడాలి. లీడర్ చివరను స్ప్రింగ్ త్రాసుకి కట్టి లాగండి. టిప్పెట్ (లీడర్ చివరి సన్నని ముక్క) తెగే బరువులో మూడోవంతు నుంచి నాలుగోవంతు దగ్గర లైన్ కదలాలి. అంటే 4.5 కిలోల టిప్పెట్‌కి 1.1 నుంచి 1.5 కిలోలు. కదిలే క్షణంలో ముల్లు ఎగిరిపడితే, మొదటి పరుగులోనే టిప్పెట్ తెగుతుందన్నమాట. ఈ స్థాయి రీళ్లలో చాలావాటికి డ్రాగ్ సీల్ ఉండదు. బురద చేరకుండా మంచినీళ్లతో కడిగి, దాచేటప్పుడు నాబ్ వదులు చేయండి. బ్యాకింగ్ మొత్తం విప్పి బిగువుగా మళ్లీ చుట్టడం తప్పదు, ఫ్యాక్టరీ చుట్టు వదులుగా ఉంటే లాగుడికి పై వరస లోపలికి దిగబడి ఇరుక్కుంటుంది.

అసలు గొడవ లైన్‌తోనే. 8 వెయిట్ లైన్ మొదటి 30 అడుగులు 210 గ్రెయిన్లు తూగాలన్నది ప్రమాణం, 8 గ్రెయిన్లు అటూఇటూ ఉండొచ్చు. కాంబో లైన్లు చాలావరకు దీనికంటే బరువు, పైగా ముందు భాగం పొట్టిగా, లావుగా ఉంటుంది. నిశ్చలమైన నీటి మీద అది ధబ్బున పడుతుంది. కార్ప్‌లో గాలితిత్తినీ లోపలిచెవినీ చిన్న ఎముకల వరస కలుపుతుంది, అందుకే దానికి వినికిడి బాగా ఎక్కువ. అడుగులో మేస్తున్న చేప ఆ చప్పుడుకే తుర్రుమంటుంది. పొడవైన ఫ్రంట్ టేపర్ (చివరికి సన్నబడే ముందు భాగం) ఉన్న, 210 గ్రెయిన్లకు దగ్గరగా తూగే వెయిట్ ఫార్వర్డ్ (బరువు ముందువైపు ఉండే) ఫ్లోటింగ్ లైన్ ఎక్కించండి. అప్పటిదాకా లీడర్ పొడవు 12 అడుగులకు పెంచి నెట్టుకురావచ్చు.

డబ్బాలోని లీడర్ ఎలాగూ పనికిరాదు. కొత్తదాని చివర మూడడుగుల 1ఎక్స్ ఫ్లోరోకార్బన్ దారం (మందం 0.25 మి.మీ.) కట్టండి, కలుపు దట్టంగా ఉంటే 0ఎక్స్ (0.28 మి.మీ.). ముడి బిగించేముందు తడపడం మరిచిపోతే ఒరిపిడి వేడికి దారం బలం అక్కడే తగ్గిపోతుంది.

సెట్‌తో ఉచితంగా వచ్చే ఫ్లైల గాలాలు సన్నతీగవి, పెద్ద కార్ప్ లాగితే నిటారవుతాయి. 6 లేదా 8 సైజు, లావు తీగ గాలం మీద బీడ్ చైన్ (తేలికైన పూసగొలుసు) కళ్లతో కట్టినవి విడిగా కొనాలి. సీసం కళ్లవి మెత్తని బురదలో కూరుకుపోయి చేపకు కనిపించవు. చేపకు మూడు నాలుగు అడుగులు అవతల వేసి, పైపైనే ఈడ్చుకొచ్చి, మూతికి అడుగు దూరంలో దించండి. తల వంచి మొప్పలు విప్పిందంటే ఫ్లై నోట్లోకి వెళ్లినట్టే. అప్పుడు రాడ్ పైకెత్తకుండా చేత్తో లైన్‌ని మెల్లగా లాగండి. పట్టలేదనుకోండి, ఫ్లై ఇంకా అక్కడే ఉంటుంది కాబట్టి అదే చేప మళ్లీ తీసుకోవచ్చు.