లైబ్రరీ ఈ-పుస్తకాలను తెరిచినప్పుడే కొనాలా, ఏడాది వాడకం చూసి కొనాలా?

పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలోని హిల్‌మన్ లైబ్రరీ 1969లో తెప్పించుకున్న పుస్తకాల్లో దాదాపు 40 శాతం మొదటి ఆరేళ్లలో ఒక్కసారి కూడా అరువుకు వెళ్లలేదని 1979లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఆ లెక్క మీద వాదోపవాదాలు చాలానే జరిగాయి. ఈ-పుస్తకాలు వచ్చాక మాత్రం అలాంటి లెక్కలే ఒక కొత్త కొనుగోలు పద్ధతికి ఊతమిచ్చాయి. పుస్తకాల వివరాలు ముందు కేటలాగులో పెట్టాలి, ఎవరైనా తెరిచి చదివితేనే డబ్బు కట్టాలి.

దీన్నే డిమాండ్ డ్రివెన్ అక్విజిషన్, పొట్టిగా డీడీఏ అంటారు. ఏ సబ్జెక్టులు, ఏ సంవత్సరం తరువాతివి, ఎంత ధర లోపువి అన్న హద్దులు లైబ్రేరియన్ పెడతారు. ఆ హద్దుల్లో ఇమిడే వేల పుస్తకాలు కొనకముందే కేటలాగులో కనిపిస్తాయి. విషయసూచిక తిరగేస్తే ఖర్చు లేదు. అంతకు మించితే బిల్లు పడుతుంది. లైబ్రరీలకు ఈ-పుస్తకాలు అమ్మిన ఈబ్రేరీ సంస్థ రోజుల్లో పది పేజీలు చూసినా, పది నిమిషాలు చదివినా, ఒక పేజీ ప్రింటు తీసినా అది కొనుగోలే. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ పాఠకుడు తాను అడిగిన సంగతి తనకే తెలియకుండా కొనిపిస్తాడు.

చిక్కు అద్దెల దగ్గర మొదలైంది. తెరిచిన ప్రతి పుస్తకాన్నీ కొనకుండా ఒక రోజుకో, వారానికో అద్దె కట్టి, మూడు అద్దెలు దాటాక నాలుగోసారి కొనేలా చాలా లైబ్రరీలు ఏర్పాటు చేసుకున్నాయి. వంద డాలర్ల పుస్తకానికి అద్దె పది డాలర్లు అనుకుందాం. ఇద్దరు ముగ్గురు చదివి వదిలేస్తే ముప్పైతో సరిపోతుంది. కానీ కట్టిన అద్దెను సాధారణంగా ధరలో తగ్గించరు. అదే అద్దె పాతికకు పెరిగితే, నాలుగో పాఠకుడు తెరిచేసరికి పుస్తకానికి నూట డెబ్బై అయిదు డాలర్లు అయినట్టు. 2014లో పలు ప్రచురణ సంస్థలు ఈ అద్దెలను నిజంగానే బాగా పెంచాయి. నిన్నటిదాకా పొదుపు అనుకున్న పద్ధతికి ఏడాది మధ్యలోనే, ఈ బిల్లుల కోసం ముందుగా కట్టి ఉంచిన డిపాజిట్ చాలని పరిస్థితి వచ్చింది.

ఇంకో ఇబ్బంది లైసెన్సుది. చవకగా దొరికేది చాలాసార్లు ఒక సమయంలో ఒక్కరు మాత్రమే తెరవగలిగే లైసెన్సు. అధ్యాపకుడు క్లాసులో ఆ పుస్తకం పేరు చెప్పగానే అరవై మంది ఎగబడతారు, ఒకరికి తెరుచుకుంటుంది. కంప్యూటర్ తెర మీద కూడా వరుసలో నిలబడటం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఎవిడెన్స్ బేస్డ్ అక్విజిషన్, అంటే ఈబీఏ, డీడీఏ పద్ధతిని తిరగేస్తుంది. ప్రచురణ సంస్థకు ముందే ఒక మొత్తం కడతారు. సాధారణంగా ఏడాది పాటు ఆ సంస్థ జాబితాలోని పుస్తకాలన్నీ అందరికీ తెరిచి ఉంటాయి, తరచుగా అధ్యాయాలు దించుకోవడానికి అడ్డంకులు లేకుండా. గడువు ముగిశాక వాడకం లెక్కలు చూసి, కట్టిన డబ్బుకు సరిపడా పుస్తకాలను శాశ్వతంగా ఉంచుకోవచ్చు. నాకు ఇందులో నచ్చేది ఆ చివరి ఘట్టమే. డీడీఏలో వాడకమే ఆర్డరు, ఇక్కడ అది సాక్ష్యం మాత్రమే. పరీక్షల ముందు ఒక క్లాసు మొత్తం దించుకున్న పాఠ్యపుస్తకానికి వచ్చే ఏడాది కొత్త ముద్రణ రావచ్చు. ముగ్గురు పరిశోధకులు మళ్లీ మళ్లీ తెరిచిన గ్రంథం పదేళ్లయినా పనికొస్తుంది. ఆ తేడా చూడగలిగేది మనిషే. లోపం కూడా చిన్నది కాదు. డబ్బంతా ఒక్క సంస్థ దగ్గరే ఇరుక్కుంటుంది, వాడకం అంతంతమాత్రంగా ఉన్నా ఆ జాబితాలోంచే ఏరుకోవాలి.

మూడో పద్ధతి చందా, దాని సంగతి త్వరగా తేల్చవచ్చు. తక్కువ ధరకు లక్షల పుస్తకాలు, కానీ ఏవీ మనవి కావు. 2022లో వైలీ ప్రచురణ సంస్థ దాదాపు 1,380 పుస్తకాలను ఇలాంటి చందా ప్యాకేజీల నుంచి వెనక్కి తీసుకుంది. నిరసనల తరువాత కొంతకాలానికి తిరిగి పెట్టింది. 2025 ఫిబ్రవరిలో, లైబ్రరీలకు ఈ-పుస్తకాలు అమ్మే ప్రోక్వెస్ట్ యజమాని క్లారివేట్ ఒక్కసారి కొని శాశ్వతంగా ఉంచుకునే పద్ధతికే స్వస్తి పలుకుతున్నట్టు ప్రకటించింది. లైబ్రరీలు మండిపడితే గడువును 2026 జూన్ 30కి జరిపింది. తెరిస్తే కొనే పద్ధతిని ఆ సంస్థ వేదిక మీదే నడుపుకుంటున్నవారికి కాళ్ల కింద నేల కదిలినట్టయింది.

కాబట్టి నా ఓటు ఇలా. రెండు మూడు పెద్ద ప్రచురణ సంస్థల పుస్తకాలే ఎక్కువగా చదివే విశ్వవిద్యాలయానికి ఈబీఏ మేలు. వాడకం నలభై చిన్న ప్రచురణ సంస్థల మధ్య చెదిరి ఉంటే డీడీఏ, అదీ అద్దెలు లేకుండా, గట్టి ధర పరిమితితో. చందాను డిగ్రీ విద్యార్థుల సాధారణ అవసరాలకే వాడుకోవాలి.

మన దేశంలో 2025 జనవరిలో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అనే కేంద్ర ప్రభుత్వ పథకం జర్నళ్లకు సంబంధించినది. ఈ-పుస్తకాల ఖర్చు ఎప్పటిలాగే లైబ్రరీలు చూసుకోవాలి. మార్చి 31లోగా డబ్బు ఖర్చు చూపాల్సిన చోట, ఆడిట్ వారు పుస్తకాల జాబితా, అక్సెషన్ నంబర్లు (లైబ్రరీ రిజిస్టరులో ఒక్కో పుస్తకానికి వేసే నంబర్లు) అడిగే చోట, ఎప్పుడు ఎంత బిల్లు వస్తుందో తెలియని డీడీఏ తలనొప్పి. మొత్తం ముందే తెలిసి, చివర్లో జాబితా చేతికొచ్చే ఈబీఏనే ఫైలులో ఇముడుతుంది. ఈ విదేశీ జాబితాల్లో తెలుగు పుస్తకాలు దాదాపు ఉండవు. తెలుగు శాఖ ఉన్నచోట అచ్చు పుస్తకాల పద్దును ఈ లెక్కల్లో కలపకుండా, ముందే విడిగా తీసి పెట్టాలి.